ఆపరేషన్ బల్ల మీద చలి, గుండె మీద భారం: మత్తు వైద్యులకు, ఆస్పత్రి యాజమాన్యాలకు, ఆరోగ్య శాఖ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మత్తు వైద్యులకు, సర్జన్లకు, ఆస్పత్రుల యాజమాన్యాలకు, రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖ అధికారులకు,

విషయం: ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ, ఆ తర్వాతా రోగి ఒంటి వేడిని కొలవడం, కాపాడడం గురించి.

నమస్కారం. ఆపరేషన్ థియేటర్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. మీ చేతుల మీదుగా ఎందరి ప్రాణాలో నిలబడడం దగ్గరుండి చూశాను. మీ పని మీద నాకు గౌరవం ఉంది కాబట్టే నేరుగా విషయంలోకి వస్తున్నాను.

మా బావగారికి తుంటి ఎముక విరిగితే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. వయసు డెబ్బైకి దగ్గర, గుండెకు పాత స్టెంట్ ఉంది. వెన్నుకు మత్తు ఇచ్చారు. ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. రికవరీ రూమ్‌లోకి తెచ్చేసరికి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, స్ట్రెచర్ కమ్మీలు అదురుతున్నాయి. ‘ఇంజక్షన్ ఇచ్చాం, తగ్గిపోతుంది’ అన్నారు. వణుకు తగ్గింది. తెల్లవారుజామున ఈసీజీలో తేడా వచ్చింది, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో కనబడే ట్రోపోనిన్ పెరిగింది, ఐసీయూకి మార్చారు. మనిషి దక్కాడు. కానీ ఇప్పటికీ నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం.

ఆ తర్వాత మత్తు చార్టు కాపీ అడిగి తీసుకున్నాను. బీపీ, పల్స్, ఆక్సిజన్ అన్నీ ఐదు నిమిషాలకోసారి శుభ్రంగా రాసి ఉన్నాయి. ఉష్ణోగ్రత గడి మాత్రం ఖాళీ. వార్డు నుంచి తీసుకెళ్లే ముందు లేదు, మధ్యలో లేదు, రికవరీలో లేదు. చలి వల్లే ఆయనకు గుండెపోటు వచ్చిందని నేను అనను. విరిగిన తుంటి, వయసు, పాత జబ్బు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. అయితే చలి వల్ల రాలేదని కూడా ఎవరూ చెప్పలేరు, ఎవరూ కొలవలేదు కాబట్టి. ఆస్పత్రికి రాశాను, ఆ పై వాళ్లకు రాశాను. చేతికి వచ్చిన జవాబు ఏమీ లేదు. ఒకాయన మాత్రం ఫోన్‌లో ‘థియేటర్లో ఏసీ ఉంటుంది కదమ్మా, చలి వేయడం మామూలే’ అన్నారు. ఈ లేఖను అందరి ముందూ పెట్టడానికి కారణం అదే.

మీకు తెలిసిన విషయాలే ముందు వరసగా రాస్తాను. ఈ లేఖ రోగుల బంధువులు కూడా చదువుతారు, వాళ్లకూ తెలియాలి.

1. ఒంట్లో వేడి ఎలా పోతుంది

ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల సెల్సియస్, అంటే మనం జ్వరం చూసుకునే లెక్కలో 98.6, ఆ చుట్టుపక్కల ఉంటుంది. ఆపరేషన్ల విషయంలో 36 కంటే తగ్గితే దాన్ని హైపోథెర్మియా, అంటే ఒళ్లు చల్లబడడం, అంటారు. ఈ లేఖలో నేను మాట్లాడేది 34 నుంచి 36 మధ్య జరిగేదాని గురించి. చూడడానికి ఇది చిన్న తేడా. బయట నుంచి మనిషిని చూస్తే ఏమీ తెలియదు.

తప్పంతా ఏసీదే అనుకుంటాం. మొదటి దెబ్బ మత్తుమందుది. మెలకువలో ఉన్నప్పుడు చేతులు, కాళ్లలో రక్తనాళాలు కాస్త ముడుచుకుని ఉండి వేడిని ఛాతీ, పొట్ట, మెదడు భాగాల్లో దాచి ఉంచుతాయి. మత్తు ఎక్కగానే ఆ కట్టు వదులైపోతుంది. లోపలి వేడి రక్తంతో పాటు కాళ్లకీ చేతులకీ పాకుతుంది. మొదటి గంటలోనే లోపలి ఉష్ణోగ్రత 1 నుంచి 1.5 డిగ్రీల దాకా పడిపోతుంది. ఆ తర్వాత అసలు చలి మొదలవుతుంది: చల్లటి గాలి, తడి బెటాడిన్, తెరిచి ఉన్న పొట్ట, స్టోర్ రూమ్ నుంచి తెచ్చిన చల్లటి సెలైన్. గది ఉష్ణోగ్రతలో ఉన్న ఒక లీటరు ద్రవం, లేదా ఫ్రిజ్ నుంచి తీసిన ఒక బాటిల్ రక్తం, ఎక్కిస్తే పెద్దవాళ్ల ఒంటి వేడి పావు డిగ్రీ తగ్గుతుంది. నాలుగు ఎక్కిస్తే ఒక డిగ్రీ పోయినట్టే.

మామూలుగా అయితే లోపలి వేడి పావు డిగ్రీ అటూ ఇటూ అయినా మెదడు ఊరుకోదు. మత్తులో మాత్రం రెండు నుంచి నాలుగు డిగ్రీలు పడిపోయే దాకా పట్టించుకోదు. వెన్నుకు మత్తు ఇచ్చిన రోగి విషయం ఇంకా మోసం. కాళ్లు వెచ్చగా ఉన్నాయన్న భ్రమ కలుగుతుంది. ‘చలిగా ఉందా తాతా?’ అని అడిగితే ‘లేదమ్మా, బాగానే ఉంది’ అంటాడు. ఆ మాట చెబుతున్నప్పుడే లోపల 35 ఉండొచ్చు. నోటిమాట మీద ఆధారపడకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

2. గుండెకు ఏమవుతుంది

ఆపరేషన్ అయిపోయి మత్తు దిగుతున్నప్పుడు మెదడు ఒక్కసారిగా మేలుకుని, ఒళ్లు చల్లబడిందని గుర్తిస్తుంది. వెంటనే నాళాలను బిగించే నార్ ఎడ్రినలిన్ అనే హార్మోన్ రక్తంలోకి దూకుతుంది. చర్మంలో, చేతుల్లో, కాళ్లలో నాళాలు బిగుసుకుంటాయి. బీపీ ఎక్కుతుంది. గేట్ వాల్వ్ సగం మూసేసి బోరు మోటారు నడిపిస్తే మోటారు ఎలా మూలుగుతుందో, గుండె అలా బిగిసిన నాళాల్లోకి రక్తాన్ని తోయాల్సి వస్తుంది. ఎక్కువ పనికి ఎక్కువ ఆక్సిజన్ కావాలి. అదే సమయంలో చల్లబడిన రక్తంలో హిమోగ్లోబిన్ తన దగ్గరున్న ఆక్సిజన్‌ను సులువుగా వదలదు. పైగా గుండెకు రక్తం అందించే కొరోనరీ నాళాలు ముందే సన్నబడి ఉన్న మనిషి అయితే కావలసినదానికీ అందేదానికీ పొంతన ఉండదు. గుండె కండరం చికాకు పడి లయ తప్పే ప్రమాదం కూడా ఉంది.

వణుకు వల్ల ఆక్సిజన్ ఖర్చు పెరిగే మాట నిజమే. కానీ మన దగ్గర చాలామంది వణుకే జబ్బు అనుకుంటున్నారు. ట్రమడాల్‌తోనో పెథిడిన్‌తోనో వణుకును ఆపేసి, పని అయిపోయింది అనుకుంటున్నారు. ఆ ఇంజక్షన్ వణుకును ఆపుతుంది, ఒంటిని వెచ్చబరచదు. ముసలివాళ్లలో అయితే వణుకు అసలే తక్కువ. వణకని తాతగారు వెచ్చగా ఉన్నట్టు కాదు. గుండెకు ఎక్కువ ముప్పు ఉన్న వయసులోనే కంటికి కనబడే గుర్తు తక్కువగా ఉంటోంది. దయచేసి ఈ ఒక్క మాట రికవరీ రూమ్‌లో పనిచేసే ప్రతి చెల్లికీ, తమ్ముడికీ చెప్పండి.

మళ్లీ మామూలు వేడికి రావడానికి రెండు నుంచి ఐదు గంటలు పడుతుంది. ఆ గంటల్లోనే రోగిని వార్డుకు పంపేస్తాం. మత్తు డాక్టరుగారు తర్వాతి కేసులో ఉంటారు, వార్డు సిస్టర్‌కి ముప్పై మంచాలు ఉంటాయి, రోగికేమో నొప్పి మందుల వల్ల ఛాతీ నొప్పి తెలియదు. ఆపరేషన్ తర్వాత గుండె కండరం దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువమందికి ఏ లక్షణమూ కనబడదని 2014లో అచ్చయిన ‘విజన్’ అధ్యయనం చెప్పింది. పదిహేను వేల మందికి పైగా రోగులను చూసి చేసిన పని అది. దెబ్బతిన్నవాళ్లలో నూటికి పదహారు మందికే ఛాతీ నొప్పి లాంటి లక్షణాలు కనిపించాయి. మిగతావాళ్లు ట్రోపోనిన్ పరీక్ష చేయబట్టి బయటపడ్డారు.

3. రుజువు ఏమిటి

1997లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఫ్రాంక్, ఆయన సహచరులు అచ్చువేసిన అధ్యయనం మీలో చాలామంది పీజీలో చదివే ఉంటారు. 300 మంది రోగులు. అందరూ గుండె జబ్బు ఉన్నవాళ్లో, వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నవాళ్లో. పొట్ట, ఛాతీ, రక్తనాళాల ఆపరేషన్లు. సగం మందిని వెచ్చటి గాలితో కాపాడారు, వాళ్ల సగటు ఉష్ణోగ్రత 36.7. మిగతా సగానికి మామూలుగా ఇచ్చే శ్రద్ధే ఇచ్చారు, వాళ్ల సగటు 35.4. తేడా ఎంత? 1.3 డిగ్రీలు. గుండెకు సంబంధించిన పెద్ద సమస్యలు వెచ్చగా ఉంచినవాళ్లలో నూటికి 1.4, చల్లబడినవాళ్లలో 6.3. వెంట్రిక్యులర్ టాకీకార్డియా అనే ప్రమాదకరమైన లయ వెచ్చగా ఉన్నవాళ్లలో 2.4 శాతం, చల్లబడినవాళ్లలో 7.9 శాతం.

35.4 అంటే మన ఫారన్‌హీట్ లెక్కలో 95.7. ఇంట్లో థర్మామీటరు అంత చూపిస్తే సరిగా పెట్టలేదేమో అనుకుని మళ్లీ పెడతాం. అంత తేడాకే ఇంత జరిగింది.

4. ‘2022 అధ్యయనంతో ఇదంతా కొట్టుకుపోయింది కదా’ అనేవారికి

నిజాయితీగా దీని గురించి కూడా రాయాలి. 2022లో లాన్సెట్ వైద్య పత్రికలో ‘ప్రొటెక్ట్’ అనే పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. చైనాలోని ఆస్పత్రులు, అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ కలిసి ఐదు వేల మందికి పైగా రోగుల మీద చేశారు. ఒక వర్గాన్ని 37 దగ్గర, ఇంకో వర్గాన్ని 35.5 దగ్గర ఉంచారు. గుండె కండరం దెబ్బ, గుండె ఆగడం, మరణం కలిపి చూస్తే మొదటివాళ్లలో 9.9 శాతం, రెండోవాళ్లలో 9.6 శాతం. తేడా లేదు.

ఈ ఫలితాన్ని నేను ఒప్పుకుంటాను. ప్రతి రోగినీ 37కే పట్టి ఉంచాలని నేను అడగను. కానీ ఆ ట్రయల్‌లో 35.5 దగ్గర ఉంచినవాళ్లను గాలికి వదిలేయలేదు. ప్రతి ఒక్కరి ఉష్ణోగ్రత కొలుస్తూ, 35.5 కంటే దిగకుండా కావలసినంత వేడి ఇస్తూ కాపలా కాశారు. ఆ అధ్యయనం మనకు చెప్పింది 35.5 దగ్గర జాగ్రత్తగా నిలబెడితే భయం లేదని. ఎంతకు పడిపోయిందో తెలియని మనిషి గురించి అది ఏమీ చెప్పదు. కొలిచి 35.5 అని తెలుసుకున్న డాక్టరుకు ఆ అధ్యయనం ధైర్యం ఇస్తుంది. కొలవని డాక్టరుకు దాన్ని చూపించే హక్కు లేదని నా అభిప్రాయం.

5. ‘గుండె ఆపరేషన్లలో మేమే చల్లబరుస్తాం కదా’ అన్న వాదన

ఒకసారి ఒక యువ డాక్టరుగారే నాతో ఈ మాట అన్నారు. నిజమే, 1952లో మిన్నెసోటాలో జాన్ లూయిస్ బృందం ఒంటిని చల్లబరిచే మొదటిసారి గుండె లోపలి రంధ్రాన్ని కళ్లారా చూస్తూ మూసింది. గుండె ఆగి బతికినవాళ్లకు మెదడును కాపాడడానికి కూడా కొన్నిసార్లు చల్లబరుస్తారు. అక్కడ యంత్రం ఉంటుంది, ఐసీయూ ఉంటుంది, పక్కన మనిషి ఉంటాడు, వణకకుండా మందులుంటాయి, వేడెక్కించేదీ ఒక లెక్క ప్రకారమే. తుంటి ఎముక ఆపరేషన్ చేయించుకుని, తడి గౌనుతో స్ట్రెచర్ మీద వరండాలో లిఫ్ట్ కోసం ఎదురుచూసే పెద్దాయనకు ఇవేవీ లేవు. ఆయన గుండె ఆగి విశ్రాంతి తీసుకోవడం లేదు, రెట్టింపు పని చేస్తోంది.

6. ఎక్కువ దెబ్బ తగిలేది ఎవరికి

మోకాలి చిప్ప మార్పిడి చేయించుకునే అరవై దాటిన ఆడవాళ్లు. ప్రోస్టేట్ ఆపరేషన్‌కు వచ్చే డెబ్బై ఏళ్ల మగవాళ్లు. తుంటి విరిగిన అవ్వలు. బక్కపలచటి మనుషులు, షుగరు ఉన్నవాళ్లు, ముందే స్టెంట్లు పడ్డవాళ్లు.

మన దేశంలో ఆస్పత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం మామూలు థియేటర్ 21 డిగ్రీలు, మూడు అటూ ఇటూ ఉండొచ్చు. కీళ్ల మార్పిడి థియేటర్ 18, రెండు అటూ ఇటూ. ఇన్ఫెక్షన్ రాకుండా పెట్టిన నియమమే, లేయర్ల మీద లేయర్లు గౌన్లు వేసుకుని సుత్తి పట్టి పనిచేసే ఆర్థోపెడిక్ సర్జన్ కష్టమూ నాకు తెలుసు. కానీ అన్నిటికంటే చల్లటి గదిలోకి మనం పంపేది అన్నిటికంటే పెద్ద వయసు రోగులనే. అలాంటప్పుడు ఆ గదిలో రోగికి వెచ్చటి గాలి ఊదే వార్మర్ తప్పనిసరి కావాలా వద్దా?

ప్రోస్టేట్ ఆపరేషన్ సంగతి చూడండి. లోపల కడగడానికి స్టాండుకు వేలాడదీసిన గ్లైసిన్, సెలైన్ ద్రవాల సంచులు ఒకదాని తర్వాత ఒకటి, పది పదిహేను లీటర్లు మూత్రాశయం గుండా పోతాయి. వాటిని వెచ్చబరిచే క్యాబినెట్ లేని చోట గది చల్లదనంతోనే లోపలికి వెళ్తాయి. కింద బకెట్‌లో చేరిన నీళ్లను చేతి గ్లౌజు మీంచి తాకినా జిల్లుమంటుంది. ఆ చల్లదనం అంతా వెన్ను మత్తులో ఉన్న, చలి తెలియని, ఎక్కువగా గుండె మందులు వాడుతున్న ఒక ముసలాయన పొత్తికడుపులో నుంచి తిరిగి వచ్చింది.

బయట మే నెలలో 44 డిగ్రీల ఎండ మండుతుంటే ‘మా నాన్నకు లోపల ఒళ్లు చల్లబడింది’ అంటే బంధువులు కూడా నమ్మరు. అందుకే ఎవరూ అడగరు.

7. గుండెతో ఆగిపోదు

వియన్నాలో చేసి 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో అచ్చయిన అధ్యయనంలో పెద్దపేగు ఆపరేషన్ చేయించుకున్న 200 మందిలో 34.7కు పడినవాళ్లకు కుట్లు చీము పట్టడం నూటికి 19, 36.6 దగ్గర ఉంచినవాళ్లకు 6. ఆస్పత్రిలో ఉండాల్సిన రోజులు సగటున 2.6 పెరిగాయి. చల్లబడిన రక్తం సరిగా గడ్డకట్టదు, రక్తం ఎక్కువ పోతుంది. రక్తం తగ్గితే మళ్లీ ఆ భారం పడేది గుండె మీదే. కండరాలను సడలించే మందు ఎక్కువసేపు పనిచేస్తుంది, మనిషి ఆలస్యంగా లేస్తాడు.

8. ఇంటి మీద పడే భారం

ఐసీయూలో గడిచే ప్రతి అదనపు రోజు ఒక కుటుంబానికి ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు గానీ, లెక్కల్లో రాని సంగతి ఒకటుంది. ప్యాకేజీ కింద తుంటి ఆపరేషన్‌కు వచ్చిన మనిషికి గుండెపోటు వస్తే, అది ఆ ప్యాకేజీలో ఉందా లేదా అన్న మాట దగ్గరే ఒక పూట పోతుంది. ఈలోగా కొడుకు బంగారం తాకట్టుకు పరుగెత్తుతాడు. కూలి పని మానుకుని తోడున్న కోడలు ఇంకో వారం వరండాలో పడుకుంటుంది. ఇంటికొచ్చాక కొత్తగా నాలుగు మాత్రలు, మూడు నెలలకోసారి ఎకో. పొలం గట్టు మీద నడిచే మనిషి గడప దగ్గరే కూర్చుంటాడు. మా అక్క ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది ఇదే.

ఇంత జరిగినా కేసు షీటులో ‘సహ జబ్బుల వల్ల’ అని ఒక వాక్యం ఉంటుంది. కొలవని దాన్ని కారణాల్లో ఎలా రాస్తారు?

ఇక నేను అడుగుతున్నవి. వీటిలో కొత్తగా కనిపెట్టినవి ఏమీ లేవు. బ్రిటన్‌లో వైద్యానికి ప్రమాణాలు రూపొందించే నైస్ సంస్థ 2008లోనే ఇలాంటి మార్గదర్శకాలు ఇచ్చింది, 2016లో వాటిని మళ్లీ సవరించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2016లో, ఆపరేషన్ గాయాల ఇన్ఫెక్షన్ల గురించి చెబుతూ రోగిని వెచ్చగా ఉంచే పరికరాలు వాడమంది.

1. థియేటర్‌కు తీసుకెళ్లే ముందు గంటలోపు ప్రతి రోగి ఉష్ణోగ్రత చూడండి. 36 కంటే తక్కువ ఉంటే, అత్యవసరం కాకపోతే, ముందు వెచ్చబరచండి, ఆ తర్వాతే మత్తు.

2. మత్తు మొదలైనప్పటి నుంచి అరగంటకోసారి కొలిచి చార్టులో రాయండి. మన థియేటర్లలో ఉన్న మల్టీపారా మానిటర్లలో చాలావాటికి ఉష్ణోగ్రత చూపే చోటు ఇప్పటికే ఉంది. తెర మీద ‘టెంప్’ అన్న మాట, దాని పక్కన సంఖ్య ఉండాల్సిన చోట చిన్న చిన్న గీతలు. వేడిని కొలిచే ప్రోబ్ వైరు డ్రాయరులో చుట్టి ఉంటుంది, లేదా ఎప్పుడో తెగిపోయి మళ్లీ కొనలేదు. లక్షలు పోసి కొన్న యంత్రానికి ఆ వైరు కొనడం ఎవరి బాధ్యతో తేల్చండి. పూర్తి మత్తులో ఉన్నవాళ్లకు అన్నవాహికలోనో ముక్కు వెనుకనో ప్రోబ్ పెట్టండి. వెన్నుకు మత్తు (స్పైనల్) అయితే నాలుక కింద, లేదా చేతిని ఒంటికి ఆనించి చంకలో. కోవిడ్ రోజుల్లో గేటు దగ్గర నుదుటికి గురిపెట్టిన ఆ గన్నులను మాత్రం దయచేసి దీనికి వాడకండి. అవి చర్మాన్ని చూస్తాయి, లోపల ఏముందో వాటికి తెలియదు.

3. అరగంట దాటే ప్రతి ఆపరేషన్‌కూ, గుండె జబ్బు ఉన్నవాళ్లకైతే ఎంత చిన్నదానికైనా, వెచ్చటి గాలి దుప్పటి వాడండి. మత్తుకు ముందే పది నుంచి ముప్పై నిమిషాలు వేస్తే మొదటి గంటలో పడే వేడి చాలావరకు నిలుస్తుంది. కేసు ఆలస్యమై థియేటర్ బయట వేచి ఉండే హోల్డింగ్ ఏరియాలో రోగి ఊరికే పడుకుని ఉండే సమయం మనకు కావలసినంత ఉంది, ఆ సమయంలోనే ఈ పని అయిపోతుంది. వార్మర్ లేని చిన్న ఆస్పత్రిలో కనీసం కోత పెట్టని భాగమంతా కప్పండి. ఒక్క పొర గుడ్డ కప్పినా చర్మం నుంచి పోయే వేడి మూడో వంతు దాకా తగ్గుతుంది. తడిసిన గౌను, తడిసిన షీటు వెంటనే మార్చండి.

4. అర లీటరు, అంతకుమించి ఎక్కించే ద్రవాలను, రక్తాన్ని 37 డిగ్రీలకు వెచ్చబరిచి ఎక్కించండి. లోపల కడిగే ద్రవాలు 38 నుంచి 40 మధ్య, థర్మోస్టాట్ ఉన్న క్యాబినెట్‌లో పెట్టి తీయండి. వేడినీళ్లు పోసిన గ్లౌజులు, కాచిన సెలైన్ సీసాలు ఒంటికి ఆనించే అలవాటు మానండి. వెన్ను మత్తులో ఉన్న కాలికి చర్మం కాలుతున్నా తెలియదు.

5. రోగిని పూర్తిగా కప్పి డ్రేపులు (ఆపరేషన్ గుడ్డలు) వేసే దాకా గది 21 కంటే చల్లగా ఉంచకండి. డ్రేపులు వేశాక తగ్గించుకోండి. సర్జన్‌గారికి చెమట పడుతోందని గది చల్లబరిచినా, రోగికి వార్మర్ పనిచేస్తుంటే ఎవరికీ గొడవ లేదు.

6. రికవరీలో పావుగంటకోసారి కొలవండి. 36 రాకుండా వార్డుకు పంపకండి. వణుకుకు ఇంజక్షన్ ఇస్తే పక్కనే ఉష్ణోగ్రత ఎంతో రాయండి, ఇంజక్షన్‌తో పాటు దుప్పటీ వేయండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు చల్లబడి బయటికొస్తే ఆ రాత్రి ఈసీజీ మీద కన్నువేసి ఉంచండి, ట్రోపోనిన్ చేయించండి, వార్డు సిస్టర్‌కి నోటితో కాదు, రాసి చెప్పండి.

7. ఆరోగ్య శాఖ అధికారులకు: ప్రభుత్వ పథకాల కింద జరిగే పెద్ద ఆపరేషన్లన్నిటికీ మూడు సంఖ్యలు అడగండి. లోపలికి వెళ్లేటప్పుడు ఎంత, లోపల అతి తక్కువ ఎంత, రికవరీ నుంచి వెళ్లేటప్పుడు ఎంత. క్లెయిమ్‌కు ఎక్స్‌రేలు, ఫొటోలు జతచేయించుకుంటున్నారు, దానికి ఈ మూడు అంకెలు ఎక్కువ కావు. డిశ్చార్జి కాగితం మీదా అవే మూడు ఉండాలి. వార్మింగ్ దుప్పటి ఖర్చును ప్యాకేజీలోనే కలపండి, రోగి బిల్లులో విడిగా వేయనివ్వకండి. జిల్లా, ఏరియా ఆస్పత్రుల థియేటర్లకు వార్మర్లు, ద్రవాల క్యాబినెట్లు, ప్రోబులు ఉన్నాయో లేవో ఒక్కసారి లెక్క తీసి ఆ జాబితా బయటపెట్టండి. ఉన్నా పాడై మూల పడినవి ఎన్నో కూడా.

8. యాజమాన్యాలకు: మీ ఆస్పత్రిలో కిందటి నెల ఆపరేషన్ల చార్టులు తీసి, ఎన్నింటిలో ఉష్ణోగ్రత రాసి ఉందో లెక్కపెట్టించండి. ఎవరినీ శిక్షించడానికి కాదు. ఆ లెక్క చూశాక వార్మర్ కొనాలా వద్దా అన్న మీటింగు ఎక్కువసేపు పట్టదు.

9. నర్సింగ్ కాలేజీలకు, అనస్థీషియా టెక్నీషియన్ కోర్సులకు: వణుకు, చల్లదనం రెండూ ఒకటి కాదని పరీక్షలో అడిగేలా చెప్పండి.

రోగుల బంధువులకు ఒక మాట. సంతకం పెట్టే ముందు మత్తు డాక్టరుగారిని గౌరవంగా అడగండి: ‘సార్, మా అమ్మకు లోపల ఉష్ణోగ్రత చూస్తారా? వెచ్చగా ఉంచడానికి ఏముంది?’ స్టెంటు, గుండె మందుల సంగతి దాచకుండా చెప్పండి. ఆపరేషన్ పొద్దున పల్చటి గౌనుతో వరండాలో కూర్చోబెడితే ఇంటి నుంచి తెచ్చిన రగ్గు కప్పండి, సాక్సులు వేయండి, థియేటర్ గుమ్మం దాకా ఉంచమనండి. బయటికి తెచ్చాక చేతులు, కాళ్లు మంచులా ఉంటే, మనిషి వణుకుతున్నా వణకకపోయినా, ‘టెంపరేచర్ ఎంత ఉంది సిస్టర్?’ అని అడగండి. అడగడం తప్పు కాదు. విసుక్కునేవాళ్లు ఉంటారు, అయినా అడగండి.

డాక్టరుగార్లకు చివరిగా. మీ మీద ఉన్న ఒత్తిడి నాకు తెలుసు. ఒకే మత్తు డాక్టరు రెండు బల్లల మధ్య తిరగడం, ‘తొందరగా కానివ్వండి’ అన్న మాట రోజంతా వినడం నేను చూశాను. మీరు ఒంటరిగా ఇదంతా చేయాలని అనడం లేదు. యాజమాన్యం పరికరం కొనాలి, అధికారులు నియమం పెట్టాలి, నర్సు కొలవాలి. కానీ థియేటర్లో ‘ఉష్ణోగ్రత ఎంత?’ అని మీరు అడిగితేనే మిగతావాళ్లు వెతుకుతారు. మీరు అడగకపోతే ప్రోబ్ డ్రాయరులోంచి బయటికి రాదు.

ఈ లేఖ ప్రతిని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు, మత్తు వైద్యుల సంఘాలకు, నర్సుల సంఘాలకు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. పై 2, 6, 7 అంశాల మీద మీ నిర్ణయం ఏమిటో రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాను. ఈసారి జవాబు వస్తే దాన్ని కూడా ఈ లేఖ పెట్టిన చోటే, ఒక్క అక్షరం మార్చకుండా పెడతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత థియేటర్ స్టాఫ్ నర్సు